ఆ పార్కులో ఇంకేం లేదంటారు

"ఆ పార్కులో ఇంకేం లేదండీ, ఎప్పుడో ఊడ్చేశారు." మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతికే సరదా ఉన్నవాళ్ళు ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అనేవాళ్ళు అబద్ధమేమీ చెప్పరు. నిజంగానే వెళ్ళి ఉంటారు, ఓ పూట తిరిగి ఉంటారు, నాలుగు సీసా మూతలూ నిన్నమొన్నటి చిల్లరా తప్ప ఏమీ దొరక్క ఇంటిదారి పట్టి ఉంటారు. వాళ్ళకన్నా ముందు ఇంకో తరం అదే పచ్చికను యాభై ఏళ్ళుగా గాలించింది. కాబట్టి అయిపోయిందనుకోవడంలో కొంత న్యాయం ఉంది.

నేను చాలాకాలం ఈ సరదాకు దూరంగా ఉండి మళ్ళీ మొదలుపెట్టాను. కొత్త చోట్ల కోసం తిరగకుండా, అందరూ చేతులెత్తేసిన పార్కులకే వెళ్తున్నాను. ఎందుకని అడిగేవాళ్ళకు ఒక్క వాక్యంలో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను. నా వాదన సారాంశం ఇది: ఆ పార్కుల్లో తేలిగ్గా దొరికే నాణేలు మాత్రమే అయిపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చాలామంది అనుకుంటున్నట్టు లోతుల్లో లేదు, ఇనుప చెత్త పక్కన ఉంది. అందుకని మరింత లోతు చూసే యంత్రం కొనుక్కుని అదే పార్కుకు అదే నడకతో వెళ్ళేవాళ్ళకు నిరాశ తప్పదు.

ముందు పోయినవేవో తెలిస్తే మిగిలినవేవో తెలుస్తుంది. డిటెక్టర్ చివరనుండే గుండ్రని తీగచుట్ట, అంటే కాయిల్, నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం తగిలితే దానిలో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి, వాటికీ సొంత క్షేత్రం ఉంటుంది, దాన్ని కాయిల్‌లోని రెండో చుట్ట పట్టుకుంటుంది. పంపినదానికీ తిరిగి వచ్చినదానికీ మధ్య ఉండే తేడాను బట్టి యంత్రం అది ఏ లోహమై ఉంటుందో అంచనా వేసి, తెర మీద ఒక అంకెగా, చెవికి ఒక మోతగా చెప్తుంది. విద్యుత్తును బాగా ప్రవహించనిచ్చే వెండి, రాగి పైఅంకెల్లో, సన్నని గొంతుతో మోగుతాయి. నికెల్ కలిసిన నాణేలు, సన్నపాటి బంగారం, అల్యూమినియం ముక్కలు మధ్యలో పడతాయి. ఇనుము అడుగున గురగురలాడుతుంది.

పాత నాణెమంటే ఈ సరదాలో చాలావరకు వెండి నాణెమే. అది ఒక దేశానికి పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో చలామణీ కోసం వేసిన డైములు (పది సెంట్లు), క్వార్టర్లలో (ఇరవై ఐదు సెంట్లు) 1964 దాకా 90 శాతం వెండి ఉండేది, 1965 చట్టంతో అది పోయింది. బ్రిటన్‌లో 1919 దాకా 92.5 శాతం, 1920 నుంచి 1946 దాకా 50 శాతం, ఆ తర్వాత వెండి బదులు రాగి-నికెల్ మిశ్రమం. భారత రూపాయిలోనూ 91.7 శాతం ఉన్న వెండి 1940లో సగానికి పడి, యుద్ధం ముగిశాక నికెల్‌కు చోటిచ్చింది. ఖజానాలకు వెండి మోయలేని బరువైన కొద్దీ నాణేల్లోంచి జారిపోయింది. జేబుల్లోంచి జారి గడ్డిలో పడ్డవి మాత్రం పడ్డ చోటే ఉండిపోయాయి.

1970ల్లో ఇనుమునూ ఇతర లోహాలనూ వేరుచేసి చెప్పగల డిటెక్టర్లు మామూలు జనానికి అందుబాటులోకి వచ్చాక, ఆ వెండిలో గట్టిగా మోగేవన్నీ ముందుగా పోయాయి. విడిగా, బల్లపరుపుగా, నాలుగైదు అంగుళాల లోపు, పక్కన ఏ చెత్తా లేకుండా పడి ఉన్న నాణేలు. అవి ఎవరికైనా దొరుకుతాయి. పార్కు అయిపోయిందంటే ఆ రకం నాణెం అయిపోయిందని అర్థం. ఇతర రకాల గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

ఇక్కడ చాలామంది వేసే అడుగు నాకు నచ్చదు. పైన ఉన్నవి పోయాయి కాబట్టి మిగిలినవి కింద ఉన్నాయి, కాబట్టి ఇంకా లోతుకు వెళ్ళే యంత్రం కావాలి. వినడానికి తర్కంలాగే ఉంది. అమ్మేవాళ్ళకు ఇంతకన్నా అనుకూలమైన తర్కం ఇంకోటి లేదు. కానీ భౌతికశాస్త్రం దీనికి ఒప్పుకోదు. కాయిల్ నుంచి కొంత దూరం దాటాక క్షేత్రం బలం దూరపు ఘనానికి తగ్గట్టు పడిపోతుంది. నాణెం నుంచి తిరిగి వచ్చే క్షేత్రమూ అలాగే పడిపోతుంది. వెరసి, తిరిగొచ్చే సిగ్నల్ దూరపు ఆరో ఘాతంతో తగ్గుతుంది. లోతు రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతు అవుతుంది. తిరగేసి చెప్పాలంటే, కాయిల్ పంపే క్షేత్రాన్ని రెట్టింపు చేసినా దక్కే అదనపు లోతు సుమారు 12 శాతం. ఎనిమిది అంగుళాలు చూసే యంత్రం తొమ్మిది చూస్తుంది. పైగా క్షేత్రం పెంచితే నేలలోని ఖనిజాలూ అంతే గట్టిగా బదులిస్తాయి కాబట్టి ఆ ఒక్క అంగుళం కూడా గ్యారంటీ కాదు. మాగ్నెటైట్ లాంటి ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్రనేలలు, నల్లని ఇసుకలు దీనికి మరీ మొండివి.

లోతు గురించి ఇంకో అపోహ: నాణెం ఎంత పాతదైతే అంత కిందకు దిగుతుందనేది. నాణెం బరువుతో కూరుకుపోదు. దాన్ని పూడ్చేది ఎక్కువగా వానపాములు. అవి కింద మట్టి తిని పైన విసర్జిస్తాయి, ఆకులు రాలి కుళ్ళుతాయి, గడ్డి వేళ్ళు అల్లుకుంటాయి, అలా నేలే పైకి పెరుగుతుంది. డార్విన్ దీన్ని కొలిచి చూపించాడు. 1842లో ఒక పచ్చిక బయలు మీద సుద్ద ముక్కలు చల్లించి, 1871లో అక్కడే కందకం తవ్వించి చూస్తే ఆ సుద్ద ఏడు అంగుళాల కింద ఒక తెల్లని గీతలా కనిపించింది. ఇరవై తొమ్మిదేళ్ళకు ఏడు అంగుళాలు. ఈ వేగమే ఎల్లకాలం సాగితే నూరేళ్ళ నాణెం రెండడుగుల కింద ఉండాలి. ఉండదు. వానపాములు ఎక్కువగా తిరిగే మెత్తని పైమట్టి దాటి గట్టి పొర తగిలేసరికి చాలా నాణేలు అక్కడే ఆగిపోతాయి. జనం తొక్కి తొక్కి గట్టిపడిన చోట, చెట్ల నీడన వానపాములు తక్కువున్న చోట, వాలు మీద మట్టి కొట్టుకుపోయిన చోట మరీ పైనే ఉండిపోతాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, గడ్డి మార్చినప్పుడో పైమట్టి గీకేస్తే కిందివి పైకి వచ్చేస్తాయి. వందేళ్ళ నాటి వెండి రెండు అంగుళాల్లోనూ, నిరుడు పడ్డ చిల్లర ఐదు అంగుళాల్లోనూ దొరకడం చూశాక లోతును బట్టి వయసు లెక్కగట్టడం మానేశాను.

మరి అంత పైన ఉండీ ఇన్నేళ్ళు ఎందుకు దొరకలేదు?

దీనికి జవాబు డిటెక్టర్ పుట్టుకలోనే ఉంది. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో ఉండిపోయిన తూటా ఎక్కడుందో తెలియక వైద్యులు సతమతమవుతుంటే, టెలిఫోన్‌తో పేరు తెచ్చుకున్న గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. పరికరం పనిచేసేదే. బయట పరీక్షల్లో తూటాను పట్టుకుంది కూడా. అధ్యక్షుడి మంచం దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ పెట్టినా ఏదో ఒక మోత. పరుపు కింద ఉక్కు తీగలున్నాయని బెల్‌కు ఆ తర్వాత తెలిసింది. దానికి తోడు, తూటా కుడివైపే ఉందని నమ్మిన ప్రధాన వైద్యుడు ఆ వైపు మాత్రమే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపున ఉంది. గార్ఫీల్డ్ సెప్టెంబరులో చనిపోయాడు. (డార్విన్ తన వానపాముల పరిశోధనను పుస్తకంగా వేసిందీ అదే 1881లో. ఈ సరదాకు పనికొచ్చే రెండు ముఖ్యమైన సంగతులు ఒకే ఏడాది లోకానికి తెలిశాయి.)

ఆ గదిలో జరిగినదే ప్రతి పాత పార్కులోనూ జరుగుతోంది. పక్కనున్న ఇనుము అసలు వస్తువును కప్పేస్తుంది, వెతికేవాళ్ళు వెతకమన్న వైపే వెతుకుతారు.

ఇనుము ఎలా కప్పేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విషయమంతా ఇక్కడే ఉంది. ఒక తుప్పుపట్టిన మేకు, దానికి రెండు అంగుళాల దూరంలో ఒక వెండి నాణెం ఉన్నాయనుకోండి. మామూలు కాయిల్ తొమ్మిది పది అంగుళాల వెడల్పుంటుంది, కాబట్టి రెండూ ఒకేసారి దాని కిందకు వస్తాయి. యంత్రానికి అవి రెండు వస్తువులుగా కనబడవు. రెండింటి సిగ్నళ్ళూ కలిసిపోయి అంకె కిందకు జారుతుంది. ఇనుము వద్దని మనమే యంత్రానికి చెప్పి ఉంటాం కాబట్టి అది నోరు మూసుకుంటుంది. ఒకసారి మూసుకున్నాక మళ్ళీ తెరవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. ఆ లోపు మన చెయ్యి నాణెం దాటి వెళ్ళిపోతుంది. వెతికేవాడికి వినబడింది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఖాళీ నేలగా లెక్కవేసుకుని ముందుకు నడుస్తాడు. అతని తర్వాత వచ్చినవాళ్ళూ అంతే.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక చెక్క మీద నాణెం పెట్టి, చుట్టూ మూడు నాలుగు పాత మేకులు అటూ ఇటూ పడేసి, డిటెక్టర్‌ను వేర్వేరు దిక్కుల నుంచి ఊపి చూడండి. గాలిలో, కళ్ళెదుట, అరచేతి దూరంలో ఉన్న నాణెం కొన్ని దిక్కుల నుంచి పూర్తిగా మాయమవుతుంది. కొత్త యంత్రం కొన్నవాళ్ళు పెట్టెలోంచి తియ్యగానే ముందు ఈ పని చెయ్యాలని నా అభిప్రాయం. దాని లోతు ఎంతో తర్వాత చూసుకోవచ్చు.

పాత పార్కుల్లో ఇనుము ఎందుకంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. జనం ఎక్కడ కూర్చున్నారో, ఆడుకున్నారో, పాటలు విన్నారో అక్కడే చెక్కబల్లలు, వేదికలు, కంచెలు, పందిళ్ళు ఉండేవి. అవి విరిగిపోతే కలప పోయింది, మేకులు ఉండిపోయాయి. అంటే నాణేలు ఎక్కువ పడిన చోటే ఇనుమూ ఎక్కువ. వెతికేవాళ్ళకు విసుగొచ్చి తప్పుకున్న చోట్లు కూడా అవే. కాబట్టి పార్కులో ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, డిటెక్టర్ గురగురమంటూ చిరాకు పుట్టించే చోట అని చెప్తాను. నున్నటి పచ్చిక మధ్యలో ప్రశాంతంగా తిరగడం బావుంటుంది కానీ అక్కడ మాత్రం నిజంగానే ఊడ్చేశారు.

నేను చేసే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. చిన్న కాయిల్ వేస్తాను, ఐదారు అంగుళాలది. దానితో లోతు తగ్గుతుంది, తగ్గనివ్వండి. మేకునూ నాణేన్నీ విడివిడిగా చూడాలంటే కాయిల్ కింద చోటు ఇరుకుగా ఉండాలి. సెన్సిటివిటీ, అంటే ఎంత బలహీనమైన సిగ్నల్‌కు యంత్రం పలకాలో చెప్పే అమరిక, అదీ తగ్గిస్తాను. దీనికి మిత్రులు నవ్వుతారు. కానీ ఇనుము కిక్కిరిసిన చోట సెన్సిటివిటీ పెంచితే ప్రతి తుప్పు రవ్వా గొంతు విప్పుతుంది. కరెంటు తీగల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. ఇక డిస్క్రిమినేషన్, అంటే ఇనుము వద్దని యంత్రానికి చెప్పే అమరిక, దాదాపు తీసేస్తాను. ఇనుమును నోరు మూయించకుండా అదీ వినబడనిస్తే, ఆ గురగుర మధ్యలో ఎక్కడో సన్నగా ఒక కీచుమనే ముక్క దొరుకుతుంది. మొదట్లో ఈ గోల తలనొప్పి తెప్పిస్తుంది. చెవి అలవాటుపడడానికి కొన్ని వారాలు పట్టింది, హెడ్‌ఫోన్స్ లేకపోతే అసలు కుదిరేది కాదు.

నడక సంగతి యంత్రం కన్నా ముఖ్యం. పెద్ద పార్కులో గాలివాటుగా తిరగడం పూర్తిగా మానేశాను. ఒక మంచం పట్టేంత చోటు ఎంచుకుని అక్కడే పూటంతా గడుపుతాను. ఇంతకుముందు వెతికినవాళ్ళంతా కాలిబాట వెంబడి నడుస్తూ దానికి అడ్డంగా కాయిల్ ఊపి ఉంటారు, మనుషుల సహజ గుణం అది. నేను ఒకసారి అలా, ఇంకోసారి దానికి లంబంగా, మరోసారి మూలగా వెళ్తాను. నిలువుగా గుచ్చుకున్న నాణెం ఒక దిక్కు నుంచి దాదాపు కనబడదు, ఇంకో దిక్కు నుంచి పలుకుతుంది. మేకు కూడా పొడుగు వైపు నుంచి ఒకలా, అడ్డంగా ఒకలా మోగుతుంది. అది కాస్త పక్కకు తప్పుకునే దిక్కు దొరికితే వెనకున్న నాణెం మాట వినబడుతుంది. ఇంకోటుంది: కాయిల్ కింద క్షేత్రం లోతుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఉపరితలం మీద ఊపులు ఒకదానికొకటి ఆనుకున్నట్టే కనిపించినా ఆరంగుళాల కింద వాటి మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. హడావిడిగా తిరిగిన పార్కు అడుగున ఇలాంటి చారలెన్నో ఉంటాయి.

తుప్పు మోసం కూడా చేస్తుంది. వంగిన మేకులు, వాషర్లు, ఇనుప సీసా మూతలు ఒక్కోసారి అచ్చం వెండిలా పైగొంతుతో పలుకుతాయి. తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపితే చాలాసార్లు ఆ గొంతు పోతుంది, లేదా సిగ్నల్ ఉన్న చోటు పక్కకు జరుగుతుంది. నాణెం పలుకు ఎంత బలహీనంగా ఉన్నా చోటు మారదు. ఇది నియమమేమీ కాదు, ఎక్కువసార్లు నిజమయ్యే సూచన. అనుమానమొస్తే తవ్వుతాను.

ఆ మాట అనడం తేలిక, చెయ్యడం విసుగు. నిజానికి ఈ వ్యాసంలో నేను ఎక్కువమందితో పోట్లాడేది ఈ విషయం మీదే. మేకులు తవ్వడానికి వచ్చామా అని అడుగుతారు. అవును, దానికే వచ్చాం. అయిపోయిన పార్కులో నాణెం వెతకడమంటే దాని మీదున్న అడ్డాలు తొలగించడమే. ఒక మేకు తీశాక అదే గుంటలో, అదే అంచున, ఇంతసేపూ వినబడని పలుకు ఒకటి వినబడడం మళ్ళీ మళ్ళీ జరిగింది. నాకు దొరికినవాటిలో బాగా గుర్తున్న ఒక సన్నని వెండి నాణెం అలా వచ్చిందే. ఒకే ఒక్క దిక్కు నుంచి, చీమ తుమ్మినంత కీచు. మేకు తీసి మళ్ళీ కాయిల్ పెట్టేసరికి ఏ దిక్కు నుంచైనా స్పష్టంగా మోగింది. మూడంగుళాల లోతు కూడా లేదు. ఆ చోటు మీదుగా ఎన్ని మంచి యంత్రాలు వెళ్ళి ఉంటాయో!

ఇక అల్యూమినియం. పానీయాల డబ్బాలకు ఊడి వచ్చే రింగు మూతలు 1960ల మొదట్లో వచ్చాయి, డబ్బాకే అతుక్కుని ఉండే రకం 1975లో వచ్చింది. మధ్య పది పన్నెండేళ్ళ పాటు జనం ఆ రింగుల్ని పీకి గడ్డిలో విసిరేశారు. అవి మోగే అంకెల్లోనే సన్నని బంగారు ఉంగరాలు, నికెల్ కలిసిన నాణేలు కూడా మోగుతాయి. అమెరికా ఐదు సెంట్ల నాణెం 75 శాతం రాగి, 25 శాతం నికెల్, అది సరిగ్గా ఆ మధ్యలోకే వస్తుంది. 1970లు, 80ల్లో వెతికినవాళ్ళు రింగుల బెడద తప్పించుకోవడానికి ఆ అంకెలన్నింటినీ ఆపేశారు. వాళ్ళను తప్పుపట్టను, అప్పుడు వెండి గట్టిగా మోగుతుంటే రింగులెవరు తవ్వుతారు? కానీ దాని ఫలితంగా ఒక తరం నాణేలు మొత్తం నేలలో ఉండిపోయాయి. అందుకే రింగులు కూడా తవ్వుతాను. ఒకే చోట పది రింగులు ఒకే అంకెతో మోగుతుంటే మాత్రం పదకొండోది వదిలేస్తాను, నాకూ వెన్నెముక ఉంది.

కొత్త యంత్రాల మీద నాకు పగేమీ లేదు. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే డిటెక్టర్లు ఇప్పుడు మామూలయ్యాయి, 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఎక్వినాక్స్ తర్వాత అవి మధ్యతరగతి సరదారాయుళ్ళ చేతికీ వచ్చాయి. వాటి అసలు గొప్ప ఇనుము నుంచి తొందరగా తేరుకోవడం, అంటే నేను పైన చెప్పిన నిశ్శబ్దాన్ని కుదించడం. ఉప్పునేలల్లో, ఖనిజం ఎక్కువున్న నేలల్లో వాటి అంకెలు కాస్త నిలకడగా ఉంటాయి. కొనగలిగితే కొనండి. కానీ ఆ యంత్రం పట్టుకుని పాత వేగంతోనే నడిస్తే, పాత అమరికల్లోనే పెట్టి ఊపితే, పాత యంత్రం పట్టుకుని వంగి మేకులు తవ్వుతున్నవాడి వెనకే ఉంటారు. అయితే కాయిల్ బరువు విషయంలో మాత్రం పూర్తిగా కొత్త యంత్రాల పక్షం. పాతవాటితో సాయంత్రానికి భుజం పనిచేసేది కాదు.

ఇంత తవ్వకం గురించి మాట్లాడుతున్నాను కాబట్టి నేల గురించి మాట్లాడకుండా ఉండకూడదు. మేకులన్నీ తవ్వమని చెప్పేవాడు ప్రతి గుంటనూ కనబడకుండా పూడ్చగలగాలి. లేకపోతే పార్కును నాశనం చెయ్యమని సలహా ఇస్తున్నట్టే. గడ్డి పెళ్ళను మూడు వైపులా కోసి, నాలుగో వైపు వేళ్ళు తెగకుండా మడత తియ్యాలి. మట్టంతా ఒక గుడ్డ మీదకే తియ్యాలి. పిన్‌పాయింటర్‌తో, అంటే చేతిలో ఇమిడే చిన్న డిటెక్టర్‌తో, గుంటనూ మట్టినీ వెతికి, మట్టి తిరిగి పోసి, పెళ్ళను మూసి, కాలితో గట్టిగా నొక్కాలి. వాన పడిన రెండు మూడు రోజులకు ఈ పని బాగా సాగుతుంది. మట్టి విడిపోకుండా వస్తుంది, గడ్డి బతుకుతుంది, తడి నేలలో సిగ్నళ్ళూ కాస్త స్పష్టంగా ఉన్నట్టనిపిస్తాయి. ఎండాకాలం బీటలువారిన పచ్చికలో ఎంత జాగ్రత్తగా కోసినా ఆ పెళ్ళ చచ్చిపోతుంది, నాలుగు రోజుల్లో పచ్చిక మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. అందుకని ఆ నెలల్లో పార్కుల జోలికి పోను. పెద్ద చెట్ల వేళ్ళు కొయ్యను, అక్కడ ఎంత మంచి పలుకు వినబడ్డా సరే. తీసిన చెత్త అంతా సంచిలో వేసి బయటికి తెస్తాను. గడ్డి కోసే పనివాళ్ళు నన్ను చూసి ముఖం చిట్లించకుండా ఉండడానికి ఆ తుప్పు సంచి చేసినంత సాయం ఏ మర్యాద మాటా చెయ్యలేదు.

చట్టం సంగతి చిన్నగా, కానీ గట్టిగా. పార్కు అందరిదీ కాబట్టి ఎవరైనా తవ్వుకోవచ్చనుకోవడం పొరపాటు. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడకం నిషిద్ధం. ఫెడరల్ ప్రభుత్వ నేలల్లో నూరేళ్ళు దాటిన పురావస్తువుల రక్షణకు 1979 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ఊళ్ళ పార్కులకు మాత్రం ఏ ఊరి నియమం ఆ ఊరిది. ఇంగ్లండ్‌లో స్థలం యజమాని అనుమతి ఉండాలి, చట్టం నిధిగా (ట్రెజర్) లెక్కించేది దొరికితే 1996 చట్టం ప్రకారం అధికారులకు తెలియజెయ్యాలి. భారతదేశంలో 1878 నాటి చట్టం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలంటుంది. ఎక్కడున్నవాళ్ళు అక్కడి నియమం రాతపూర్వకంగా తెలుసుకుని వెళ్ళడం మంచిది.

చట్టం ఒప్పుకున్న చోట కూడా ఒక అభ్యంతరం మిగులుతుంది. నేల లోపలి వస్తువుకు దాని చోటే సగం చరిత్ర, పీకేస్తే ఆ చరిత్ర చెరిగిపోతుంది అని పురావస్తు శాస్త్రవేత్తలు అంటారు. వాళ్ళ మాట నిజం. పాత కోట గోడల పక్కన, యుద్ధం జరిగిన మైదానంలో, జనావాసం పొరలు పొరలుగా ఉన్న దిబ్బ మీద కట్టిన పార్కులో నేను దిగను, అనుమతి చేతికిచ్చినా దిగను. కానీ నూరేళ్ళుగా మట్టి పోసి, గీకి, గొట్టాలు వేసి, మళ్ళీ గడ్డి పరిచిన పచ్చికలో పైన ఆరంగుళాల్లో పొరలంటూ ఏమీ మిగలవు. అక్కడ పడ్డ చిల్లర నాణెం మేకుల మధ్య తుప్పూ ఉప్పూ తగిలి పాడైపోవడం తప్ప ఎవరికీ ఏ చరిత్రా చెప్పదు. ఈ రెండు రకాల నేలలకూ తేడా తెలియనివాళ్ళు తెలుసుకునేదాకా డిటెక్టర్ పక్కన పెట్టాలని అనడానికి నాకు మొహమాటం లేదు.

డబ్బు గురించి అడిగేవాళ్ళుంటారు. రాదు. దొరికే వెండిని బరువు లెక్కన చూస్తే బ్యాటరీల ఖర్చుకు సరిపోతే గొప్ప. అరుదైన నాణెం దొరికిన సంబరంలో తోమి తళతళలాడించి, ఉన్న విలువ కూడా పోగొట్టేవాళ్ళు ఇంకో రకం. మంచి నీళ్ళలో నానబెట్టి వదిలెయ్యండి, గుడ్డతో రుద్దొద్దు.

ప్రస్తుతం నేను పనిచేస్తున్న ముక్క ఒకప్పుడు బ్యాండు వాయించే వేదిక ఉన్న చోటు. పాత ఛాయాచిత్రంలో చూసి గుర్తించాను, ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. వేదిక కూల్చినప్పటి మేకులు అడుగడుగునా ఉన్నాయి. నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుని ఏ గడిలో ఇనుము పూర్తిగా తీశానో గుర్తు పెడుతున్నాను. ఇనుము తీసేసిన గళ్ళ మీదకు వచ్చే వానల తర్వాత చిన్న కాయిల్ పక్కన పెట్టి పదకొండు అంగుళాల కాయిల్‌తో వెళ్తాను. లోతు మీద నాకున్న కోపమంతా అడ్డం ఉన్న నేలలో లోతు గురించే. అడ్డం తీసేశాక లోతు నిజంగానే పనికొస్తుంది.